కాటా చెప్పిన మాట

పెరట్లోంచి వంటింటి గడప దాకా వచ్చేసరికి ఆయన దగ్గరున్న సరుకు ఇదీ: గుప్పెడు పుదీనా, రెండు నిమ్మకాయలు, ఇంకా మన్ను దులపని వేలెడు అల్లం, నాలుగు పచ్చిమిరపకాయలు. ఫ్రిజ్‌లో ట్రే నిండా ఐసు. ఒంట్లో ఓపిక మాత్రం నిల్వ లేదు.

రెండు చేతులూ నిండిపోయాయని మిరపకాయల్ని తొడిమలు పట్టుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ముప్పై ఏళ్లు మిరపకాయల కొట్టు నడిపిన మనిషి. శాంపిల్ ఎప్పుడూ జేబులోనే.

“ఇవాళ ఎన్ని?” ముందుగదిలోంచి భార్య అడిగింది.

“నాలుగు.”

“నిన్న మూడు వేశారు. మంచినీళ్లు తాగినట్టుంది.”

“అందుకే నాలుగు.”

“రేపు ఐదు. ఎల్లుండికి మొక్కనే పీక్కొచ్చి పిండుతారు కాబోలు.”

ఆయన నవ్వలేదు. నవ్వడానికీ ఓపిక కావాలి.

ఐదు నెలల కిందట ఆవిడకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గుతూ తగ్గుతూ నాలుకను పట్టుకుపోయింది. తీపి లేదు, పులుపు లేదు, ఆఖరికి మంట కూడా లేదు. నరాలు మొద్దుబారాయి, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు.

ఇంకో ఇంట్లో అయితే అది జబ్బు. ఈ ఇంట్లో దానివల్ల కొట్టు మూతపడింది. ఆయనకు పెళ్లినాటికే కడుపులో పుండు. అమ్మే సరుకును ఏనాడూ నోట పెట్టి ఎరగడు. కాయ కొసను పంటితో నొక్కి, ఏ మూట ఎంత ఘాటో చెప్పేది ఆవిడే. మార్కెట్లో అందరూ ఆవిణ్ని ‘కాటా’ అనేవారు. కాటా చెప్పిందంటే ఇక దానిమీద బేరం లేదు. కాటా లేకుండా షట్టరెత్తనని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు.

ఘాటుగా, బాగా చల్లగా ఇస్తే నాలుక ఉలిక్కిపడి లేస్తుందని ఎవరో చెప్పారు. నలభై రోజులుగా మధ్యాహ్నం అయ్యేసరికి ఇదే పని. అరకాయతో మొదలైంది. ఆవిడ తాగడం, ఆయన ఆవిడ ముఖం చూడడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం.

అల్లం కడిగి, పుదీనాతో కలిపి రోట్లో నాలుగు దెబ్బలు వేశాడో లేదో ఫోన్ మోగింది. బావమరిది.

“బావా, కొట్టు ఓనరు మళ్లీ అడుగుతున్నాడు. చెప్పుల షాపు వాళ్లెవరో కాచుక్కూచున్నారట.”

ఆయన గొంతు తగ్గించాడు. మార్కెట్లో ముప్పై ఏళ్లు అరిచిన గొంతు, తగ్గినా ఎంత తగ్గుతుంది.

“ఇవాళ ఆఖరి గ్లాసు. తేలకపోతే రేపు తాళాలిచ్చేస్తానని చెప్పు.”

“చేతులారా పెట్టుకున్న కొట్టు కదా. ఇచ్చేసి ఏం చేస్తావ్?”

“పడుకుంటా.”

“ఎన్నాళ్లు?”

“లేవబుద్ధి అయ్యేదాకా.”

“అక్కకి చెప్పావా?”

“లేదు. నువ్వూ చెప్పకు.”

ఫోన్ పెట్టేసి మళ్లీ రోకలి పట్టాడు. దంచుతున్నంతసేపూ కొట్టే కళ్లముందు ఆడింది. ముద్ద మెత్తగా నలిగింది. నీళ్లు కలిపి గుడ్డలో వడగట్టాడు. నిమ్మకాయలు పిండి, ఉప్పేసి, ఐసు పగలగొట్టి గ్లాసు నింపాడు. చెమట కళ్లలోకి దిగుతుంటే అదే చేత్తో తుడుచుకున్నాడు.

ఆవిడ గ్లాసును రెండు చేతులతో అందుకుంది. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని, ఎందుకులే అన్నట్టు దించింది.

“నాలుగూ వేశారుగా?”

“నాలుగూ.”

ఒక గుక్క తాగింది. ఏమీ లేదు. ఇంకో గుక్క. ఆయన ఈసారి ఆవిడ ముఖం చూడలేదు. గోడకు మేకుమీద వేలాడుతున్న తాళాలగుత్తిని చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ కూడా ఒకసారి అటే చూసి, మూడో గుక్క తాగింది.

దగ్గింది.

“ఏమైంది?”

“ఉండండి.” నాలుక బయటపెట్టి గాలి పీల్చుకుంది. “కొసన... సూదితో గుచ్చినట్టుంది.”

“మంటా?”

“మంటే. గొంతులోకి దిగుతోంది. చూస్తారేం, కాస్త చక్కెర తెండి.”

ఆయన డబ్బాతో పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ కళ్లనిండా నీళ్లు. బుగ్గలమీదికి కారుతున్నాయి. కొంగుతో తుడుచుకున్నా ఆగడం లేదు.

“నిజమేనా?”

“ముప్పై ఏళ్లలో నేను చెప్పింది ఒక్కసారైనా తప్పిందా?”

“లేదు.”

“మరింకేం. రేపు పొద్దున్నే వెళ్లి షట్టరెత్తండి. ఇక ఈ దంచుళ్లు చాలు. ముందు పోయి కాసేపు పడుకోండి, మీ మొహం చూడలేకపోతున్నాను.”

చక్కెర నోట్లో వేసుకుని, మిగిలిన గ్లాసు కూడా ఖాళీ చేసింది.

ఆయన బావమరిదికి ఫోన్ చేశాడు. “తాళాలివ్వనని చెప్పు.”

“అంటే అక్క...”

“కాటా పలికిందిరా.”

కొట్టు కట్టేసే వేళ రోజూ ఒకసారి లెక్క చూసుకోవడం ఆయన అలవాటు. ఐదు నెలల తర్వాత ఇవాళ చూసుకున్నాడు. పెట్టుబడి నలభై మధ్యాహ్నాలు. రాబడి ఒక దగ్గు, రెండు కన్నీటి చారలు, ఒక మాట. ఎలా చూసినా లాభమే. మేకుమీంచి తాళాలగుత్తి తీసి, మళ్లీ మరిచిపోకుండా చొక్కా జేబులో వేసుకోబోయాడు.

వేళ్లకు నాలుగు మిరపకాయలు తగిలాయి.