సాంచాలు ఆగినప్పుడు

నాకెవడో ఉన్నాడని మా ఇంట్లో తీర్మానించేశారు. నాలో నేను పెదవులు కదిపితే ప్రేమట, అన్నం సయించకపోతే ప్రేమట. “డిగ్రీ చదివిపిచ్చుడే తప్పయింది,” అన్నాడు బాపు. కన్నతల్లి అయ్యుండీ అవ్వ నా ఫోన్ గుంజుకుని నడుముకు దోపుకుంది. ఆదివారం మెట్‌పల్లి వాళ్ళు నన్ను చూడటానికి వస్తున్నారు.

ఈ మధ్యాహ్నం బాపు అన్నానికి వెళ్తే షెడ్డులో నేనూ అవ్వా ఉన్నాం. నాలుగు సాంచాలు నడుస్తుంటే ఆ మరమగ్గాల మోతలో పక్క మనిషి మాట కూడా వినపడదు. ఉన్నట్టుండి కరెంటు పోయింది.

“ఎంత పిలిచినా నేను రాను!”

నా మాట షెడ్డంతా మోగింది. అవ్వ గిరుక్కున తిరిగింది.

“ఎవలతోనే?” అంటూ నడుము తడుముకుంది. ఫోన్ అక్కడే ఉంది.

“నెల సంది ఒక గొంతు వినబడుతున్నదవ్వా. సాంచాల మోతేమో అనుకున్న. అవి ఆగినయి, అది ఆగలే.”

అవ్వ నా దగ్గరికి వచ్చింది.

“ఎవడన్న పోరడున్నా మంచిగుండేది గదనే సృజనా,” అంది. వెంటనే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “ఎవలకు చెప్పకు బిడ్డా. లగ్గమైతే అదే పోతది.”

ఇలాంటిది మొదట్లోనే చూపిస్తే మందులతో కుదుటపడుతుందని మా కాలేజీకి వచ్చిన డాక్టరమ్మ చెప్పింది. రేపు పొద్దున నేను కరీంనగర్ బస్సెక్కుతున్నాను. పెద్దాసుపత్రిలో నా పేరు రాయించి, ఉన్నదున్నట్టు చెప్తాను. మెట్‌పల్లి వాళ్ళకు ఏం చెప్పాలో అవ్వే చూసుకుంటుంది.