పీఠం మీద చోటు

గైడ్ ఎవారిస్తో నోరు తెరిస్తే చాలు, డెల్ఫీనాకి ఒళ్లు మండిపోతోంది.

ఫోటో తెచ్చుకోండి, సరస్సు పక్క పల్లెల్లో ఎవరో ఒకరి ఇంటి పీఠం మీద, వాళ్లలో పోయినవాళ్ల ఫోటోల పక్కన చోటిప్పించే పూచీ నాది అన్నది అతనే. ఆ మాట నమ్మే ఆమె రాజధానిలో బస్సెక్కింది. భర్త రామిరో పోయాక, చనిపోయినవాళ్లు తిరిగి ఇంటికొచ్చే ఈ పండగ రావడం ఇదే మొదలు. ఇంట్లో పీఠం పెడదామంటే సాంబ్రాణి పొగ పడదని కోడలు, ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చేస్తున్నారని కొడుకు. పొద్దుగుంకేలోగా ఎక్కడో ఒకచోట ఫోటో ముందు దీపం వెలగకపోతే రామిరో ఎక్కడికని వస్తాడు?

పొద్దున బస్సులోనే ఆమెకి ఈ గైడ్ మీద మనసు విరిగింది. మీ ఇంట్లో ఎవరికి పీఠం పెడతారు అని పక్క సీటు నోర్మా అతన్ని ఊరికే అడిగింది. తండ్రి పోయినప్పుడు వేరే టూర్‌లో ఉన్నానని, మట్టి వెయ్యడానికి కూడా వెళ్లలేదని, ఎండగా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. ఇలాంటివాడికి పోయినవాళ్ల గురించి పదిమందికి చెప్పే ఉద్యోగం.

మొదటి ఇంట్లో అందరూ సెల్‌ఫోన్లు పట్టుకుని పీఠం మీద పడ్డారు. ఆ తోపులాటలో ఫోటో బయటికి తియ్యడానికి డెల్ఫీనాకి సిగ్గేసింది. రెండో ఇంట్లో తీసేసరికి, టైమైపోయింది పదండి అన్నాడు ఎవారిస్తో.

మూడోదే ఆఖరి ఇల్లు. ఊరికి ఎంతో దూరంగా, గతుకుల మట్టిదారిలో ఉంది. ఏటా జనాన్ని ఇక్కడికి ఈడ్చుకురానిదే ఈయనకి తోచదని డ్రైవర్ కూడా సణిగాడు.

"కమీషన్ గట్టిగా ముడుతుందేమో" అంది డెల్ఫీనా, అతనికి వినపడేలాగే.

ఎవారిస్తో డిక్కీలోంచి బంతిపూల మోపు తీసి భుజానికెత్తుకున్నాడు. ఈ పండగ రెండు రోజులూ పూలతో వచ్చినవాళ్లని ఎవరూ గుమ్మంలోంచి పంపెయ్యరు. ఆ కిటుకు బాగానే కనిపెట్టాడని ఆమె పళ్లు నూరుకుంది. ఈ ఇంట్లో మాత్రం ఫోటోలు తియ్యొద్దని, గట్టిగా మాట్లాడొద్దని అతను మళ్లీ మళ్లీ చెప్పాడు.

ఇంటావిడ పేరు తోమసా. డెబ్బై దాటి ఉంటుంది. అక్కడి పురేపెచా భాష తప్ప స్పానిష్ ఒక్క ముక్క రాదు. వచ్చినవాళ్లందరికీ మొక్కజొన్న జావ పోసింది, ఆకుల్లో ఉడికిన కుడుములు పెట్టింది. ఎవారిస్తో దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఎత్తుకుని లోపలికి పోయింది. ఈ పెద్దావిడకీ వీడి సంగతి తెలిసిందని డెల్ఫీనా మనసు కాస్త చల్లబడింది.

పీఠం నిండా బంతిపూలు, రొట్టెలు, కొవ్వొత్తులు, సందు లేకుండా ఫోటోలు. నడుమ ఒక ముసలాయన. ఆయన పక్కనే, పొగచూరిన అద్దం వెనక, వల భుజాన వేసుకుని నవ్వుతున్న మీసాలు రాని కుర్రవాడు.

ఆ అబ్బాయెవరని నోర్మా అడిగింది. ఎవారిస్తో ఆ ప్రశ్నని పెద్దావిడకి చెప్పాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. గొంతు పెరిగింది.

"ఆయన ఈవిడ భర్త. ఇతను కొడుకు. తండ్రి పోయిన రోజే కొడుకూ పోయాడంటోంది" అన్నాడు ఎవారిస్తో.

"అయ్యో పాపం. పడవ మునిగిందా?"

"అలాంటిదే."

అని వాచీ చూసుకున్నాడు. డెల్ఫీనా ఇక ఆగలేకపోయింది.

"కడుపుకోత అంతసేపు చెప్పుకుంటే, నువ్వు రెండు ముక్కల్లో తేల్చేస్తావేమయ్యా? కన్నతండ్రికే మట్టి వెయ్యనివాడివి, ఆ తల్లి బాధ నీకేం తెలుస్తుందిలే."

అతను తల దించుకున్నాడు. అది చూసి కూడా ఆమెకి జాలి కలగలేదు. సంచిలోంచి రామిరో ఫోటో తీసి అతని ముఖం ముందు పెట్టింది.

"దీనికి చోటడుగు."

"పీఠం నిండిపోయింది మేడమ్. ఈ ఇంట్లో వద్దు."

"ఇదే ఆఖరి ఇల్లన్నావు. అడగకపోతే నేను ఇక్కడే కూర్చుంటాను, నీ బస్సు నువ్వు తోలుకుపో."

ఎవారిస్తో టోపీ తీశాడు. నేల చూపులు చూస్తూ పెద్దావిడతో ఏదో చెప్పాడు. డెల్ఫీనా అడగమన్నది ఒక్క మాట, అతను చెప్పింది చాలా పొడుగు. చోటు ఇవ్వొద్దని నూరిపోస్తున్నాడనే ఆమె అనుకుంది.

తోమసా చివరిదాకా వింది. తర్వాత రామిరో ఫోటో అందుకుని శాలువా కొంగుతో తుడిచింది. పీఠం మీంచి ఆ వల కుర్రవాడి ఫోటో తీసేసి, అక్కడ రామిరోని నిలబెట్టి, ముందర కొవ్వొత్తి వెలిగించింది.

డెల్ఫీనా గైడ్ చొక్కా పట్టుకుని లాగింది.

"వద్దని చెప్పు. నా మొగుడి కోసం తన బిడ్డని దింపుకోవడమేమిటి? చెప్పవయ్యా, రాయిలా నిలబడతావేం?"

ఈలోగా పెద్దావిడ ఆ కుర్రవాడి ఫోటో తెచ్చి ఎవారిస్తో చేతుల్లో కుక్కింది. విసురుగా ఏదో అని, జావ గిన్నె తేవడానికి లోపలికి వెళ్లింది.

"ఏమందావిడ?" అంది డెల్ఫీనా.

ఎవారిస్తో బొటనవేలితో అద్దం మీది మసి తుడిచాడు.

"పోయినవాళ్లకే చోటు చాలడం లేదు, బతికున్నవాడివి నీ ఫోటో నువ్వు తీసుకుపో అంది, మా అమ్మ."