పొయ్యి దగ్గర మగవాడు

"మగపిల్లోడి చేత గరిటె పట్టిస్తారా? రేపట్నించి వాణ్ణి బడికి పంపను!" అంటూ ముత్యాలయ్య జువ్వలదిన్నె బేసిక్ స్కూల్లోకి దూసుకొచ్చాడు. వెనకే భార్య పిచ్చమ్మ పరుగెత్తుకొచ్చింది.

పంతులమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. "ఇక్కడ వంట కూడా పాఠమే. మగపిల్లలకూ తప్పదు."

కొడుకు కలుపుతున్న చేపల పులుసు వాసన ముత్యాలయ్యకు నచ్చలేదు. గరిటె లాక్కుని రుచి చూశాడు. "పులుపేదిరా? వేటకెళ్లినప్పుడు పడవలో నేను వండితే అందరూ చట్టి నాకాల్సిందే!" అంటూ చింతపండు పిసికి పోశాడు.

పిచ్చమ్మ ముందుకొచ్చింది. "ఇంట్లో పొయ్యి ముట్టించడమే రాదంటివే! పురిటి మంచం మీంచి లేచి నేను వండిపెడితినే!"

అతను గరిటె కింద పెట్టబోయాడు.

"పెట్టబాక," అంటూ ఆమె భోజనానికి కూర్చున్న పిల్లల పంక్తిలో కూర్చుని విస్తరాకు ముందుకు లాక్కుంది. "వడ్డించు."