చెప్పులు విప్పొచ్చిన దొంగ

క్లాతెన్ ఊరి బజారులో బ్యాంకు దోచుకోవడానికి వచ్చిన జరోత్ ముందు గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. గడప లోపలికి చెప్పులతో అడుగుపెట్టని జావా దీవిలో పుట్టి పెరిగినవాడు. దొంగతనానికొచ్చినా తళతళలాడే నేలను మురికి చేయడానికి మనసొప్పలేదు.

తలకి హెల్మెట్, చంకలో కొబ్బరిబోండాల కత్తి. పాత మోటారు సైకిలొకటి బేరమాడాడు. ఎనభై లక్షల రుపియాలు, అంటే మన నలభై వేల రూపాయల పైచిలుకు. ఫోన్లోని ఖాతాలో సగమే ఉంది. సాయంత్రంలోగా మిగతా సగం కట్టకపోతే బండి ఇంకొకడిది.

లోపల కౌంటరు లేదు, కాపలావాడు లేడు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కాఫీ కూజా, బ్యాంకు చొక్కా తొడుక్కున్న ఒకావిడ.

"డబ్బు తియ్యి!" అని కత్తి ఎత్తాడు.

ఆవిడ పకపకా నవ్వింది. "ఏ కాలంలో ఉన్నావు తమ్ముడూ? ఫోను కంపెనీలొచ్చి మా ఖాతాదార్లందర్నీ ఎగరేసుకుపోయాయి. మేమూ మారాం. ఇక్కడ నోటు ముక్క ఉండదు, అంతా ఫోన్లోనే. కత్తి కింద పెట్టు, కాఫీ తాగు."

జరోత్ నీరుగారిపోయాడు. "మరి నా బండి సంగతేంటక్కా?"

"ఫోన్లో ఎంతుంది?"

"నలభై లక్షలు."

"ఆ మాట ముందే చెప్పొద్దూ! మా దగ్గర కొత్త ఖాతా తెరిస్తే, పాతదాంట్లో ఎంతుంటే అంతకి రెట్టింపు చేస్తున్నాం. పోయిన జనాన్ని వెనక్కి లాక్కోవాలి కదా!"

కష్టపడి దోచుకునేదేమిటి, వాళ్ళే ఇస్తుంటే! జరోత్ హెల్మెట్ తీశాడు. గుర్తింపు కార్డు గడ్డం కింద పట్టుకుని ఫొటోకి నవ్వాడు. ఫోనుకొచ్చిన ఆరంకెలు బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాడు.

"కూర్చో, పై ఆఫీసుతో మాట్లాడొస్తా" అని ఆవిడ వెనక గదిలోకి వెళ్ళింది.

రెండో కప్పు సగంలో ఉండగా ఫోను కూసింది. ఆత్రంగా చూశాడు. సున్నా.

వెనక గదికి పరుగెత్తాడు. ఎవరూ లేరు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి చెప్పులకేసి చూస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఈ గది నాది, బ్యాంకుకి అద్దెకిచ్చింది."

"బ్యాంకు అక్క ఎటెళ్ళింది తాతా?"

ముసలాయన గోడకి చేరగిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"బ్యాంకు మూసేసి రెండు నెలలైంది బాబూ... నీ చేత కూడా ఆరంకెలు చదివించిందా?"