తలుపు దగ్గర పెద్దాయన

ఆపరేషన్ గది తలుపుకి అడ్డంగా ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఒంటిమీద ఆస్పత్రి గౌను, చేతికి సూది.

ఇవతల స్ట్రెచర్ పక్కన ఒకామె, దానిమీద ఆమె భర్త. మొన్నీమధ్యే గుండెపోటు నుంచి బయటపడ్డాడు. ఇప్పుడు ఆ గుండే ఉండుండి లయ తప్పి పరుగందుకుంటోంది. ప్రతిసారీ షాకిచ్చి దారికి తెస్తున్నారు.

"మా ఆయన ప్రాణం మీదికొచ్చింది. మీరు కాసేపు ఆగలేరా?" అని కసిరిందామె.

"ఆగుతానమ్మా," అంటూ ఆయన పక్కకి తప్పుకున్నాడు.

స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

గుండెలో చచ్చుబడిన కండ చుట్టూ కరెంటు గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోందని డాక్టరు ముందే చెప్పాడు. సన్నటి తీగ పంపి, గుండె లోపల ఒక్కో చోటూ తాకి, తెరమీద పటం గీస్తారట. ఆ దొంగదారి దొరికితే కాల్చేస్తారట.

దొరక్కపోతే ఏమిటని ఆమె అడిగింది. డాక్టరు సంతకానికి కాగితం ముందుకి జరిపాడు.

ఆమె బెంచీ మీద కూలబడింది. రోజంతా బట్టలు కుట్టే ఆ చేతులకి ఇక్కడ చేయడానికేమీ లేదు.

పెద్దాయన వచ్చి బెంచీ ఆ చివర కూర్చున్నాడు. నర్సు బయటికొచ్చినప్పుడల్లా ఆమెకన్నా ముందు ఆయనే అడుగుతున్నాడు, దారి దొరికిందా అని.

ఆమెకి ఒళ్లు మండింది. "మీ వంతు ఎప్పుడొస్తుందా అనేగా మీ ఆరాటం?"

ఆయన నొచ్చుకోలేదు. "పిల్లలెంతమందమ్మా?" అన్నాడు.

ఆమె మొహం తిప్పుకుంది.

కాసేపటికి ఆయాసమొస్తోందని ఆయన్ని చక్రాల కుర్చీలో వార్డుకి తీసుకుపోయారు. ఆమె తలెత్తి చూడలేదు.

పొద్దు వాలుతుండగా డాక్టరు వచ్చాడు. దారి దొరికిందన్నాడు, కాల్చేశామన్నాడు, గుండె నిమ్మళంగా కొట్టుకుంటోందన్నాడు.

ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. అనరాని మాటలన్నానే అనుకుంటూ వార్డుకి పరుగెత్తింది.

మంచం ఖాళీగా ఉంది. నర్సు దుప్పటి మడతపెడుతోంది.

ఇందాకే గుండె అదుపు తప్పిందని, ఎన్ని షాకులిచ్చినా తిరిగి రాలేదని తలెత్తకుండానే చెప్పింది.

ఆమె మంచం అంచు పట్టుకుంది. "ఆయన లోపలికి వెళ్లబోతుంటే నేనే అడ్డుపడ్డాను."

నర్సు తల అడ్డంగా ఊపింది.

"ఆయన వెళ్లట్లేదమ్మా, అప్పటికే బల్లమీద పడుకున్న మనిషి, మీవారి సంగతి చెవినపడి, ముందతన్ని చూడండని లేచి బయటికొస్తున్నారు."