రెండు వందలవ పిట్ట

డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున ఫణీంద్ర పళ్ళు తోముకుంటుంటే ఫోన్ మోగింది. విజయేందర్. ఏడాదిగా ఆ పేరు తన ఫోన్‌లో కనిపించలేదు.

"అన్నా, బైనాక్యులర్ పట్టుకొని జల్ది రా. పంజగుట్ట చౌరస్తా కాడ కొత్త బిల్డింగ్ లేస్తున్నది చూడు, ఆ క్రేన్ మీద బైరి డేగ కూసున్నది."

"నేనెందుకండీ?"

"నువ్వే రావాలన్నా. జర రా."

ఫోన్ పెట్టేసి ఫణీంద్ర అద్దంలో చూసుకుని నవ్వుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన అవకాశం ఇంటికే వచ్చింది.

అమీర్‌పేట, పంజగుట్ట చుట్టుపక్కల పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు కలిసి ఏటా నడుపుకునే పోటీ అది. ఏడాదిలో ఎవరు ఎక్కువ రకాల పక్షులను చూస్తే వాళ్ళు గెలిచినట్టు. బహుమతి ఓ ఇత్తడి చిలక. మళ్ళీ ఏడు దాకా ఇంట్లో పెట్టుకోవచ్చు. నియమాలు పెట్టింది గుంపులో పెద్దావిడ, రిటైర్డ్ లెక్చరర్ కమలకుమారి. ఫోటోలు చెల్లవు, కళ్ళతో చూడాలి. అరుదైన పక్షి అయితే పక్కనున్న ఇంకో సభ్యుడు కూడా చూసి అవుననాలి. ఎవరు ఏ పక్షిని చూశారో బయటపెట్టక్కర్లేదు. ఆదివారం ఆదివారం లెక్క చెబితే చాలు.

కిందటేడు ఖైరతాబాద్ వైపు, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ఫణీంద్ర కళ్ళ ముందే ఒక బైరి ఆకాశం నుంచి రాయిలా పడి పావురాన్ని తన్నుకుపోయింది. సంతోషంతో కేకపెట్టాడు. పక్కనే విజయేందర్ ఉన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

"నేను చూడలే అన్నా," అన్నాడు.

ఆ ఒక్క మాటతో బైరి చెల్లకుండా పోయింది. ఒక్క పక్షి తేడాతో ఇత్తడి చిలక ఎర్రమంజిల్ క్వార్టర్స్‌కి, విజయేందర్ ఇంటికి వెళ్ళిపోయింది.

అంతటితో అయిపోలేదు. ఆ తర్వాత ఎక్కడ పావురం ఎగిరినా ఎవరో ఒకరు "ఫణీంద్రగారి బైరి వచ్చిందండోయ్" అనడం, అందరూ పగలబడి నవ్వడం. ఫణీంద్ర కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు.

"చూసే చూడలేదన్నాడు వాడు," అనేవాడు భార్యతో.

"నిజంగానే చూడలేదేమోనండీ," అంది సుమశ్రీ ఓసారి.

ఆ పూట ఆమెతో కూడా మాట్లాడలేదు.

ఈ ఏడు పంతం పట్టి తిరిగాడు. తను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కి సెలవుల మీద సెలవులు పెట్టాడు. అయినా మొన్న ఆదివారానికి విజయేందర్ నూట తొంభై తొమ్మిది, తను నూట తొంభై ఎనిమిది. గుంపులో ఇంతవరకు రెండు వందలు ఎవరూ అందుకోలేదు.

అదీ సంగతి. వాడి రెండు వందలవ పిట్టకు సాక్షి కావాలి. ఈ సెలవుల్లో మిగతావాళ్ళు చాలామంది ఊళ్ళో లేరు, ఉన్నవాళ్ళెవరూ ఇంత పొద్దున్నే దొరికుండరు. అందుకే సిగ్గు విడిచి తనకు ఫోన్ చేశాడు.

పంజగుట్ట మెట్రో స్టేషన్ కింద విజయేందర్ చేతులూపుతూ కనిపించాడు.

"గదిగో అన్నా, క్రేన్ కొసకు చూడు."

ఫణీంద్ర బైనాక్యులర్ ఎత్తాడు. ఉంది. పలకరంగు వీపు, బుగ్గల మీద మీసాల్లా నల్లటి చారలు, పసుపు కాళ్ళ కింద సగం తిన్న పావురం. కిందటేడు చేజారిన బైరి, ఈ ఏడంతా వెతికినా దొరకని బైరి. గుండె ఝల్లుమంది. మాట నోటిదాకా వచ్చింది.

మింగేశాడు. చూశానంటే తనకూ ఒకటి పెరుగుతుంది. కానీ వాడికి రెండు వందలవుతాయి. గుంపులో అది మొదటిసారి కాబట్టి పేపర్లో కూడా పడతాడు. వాడి రెండు వందలు చెడిపోవడానికి తన బైరి ఒక్కటి పోతే పోనీ.

బైనాక్యులర్ కాస్త పక్కకు జరిపాడు.

"ఏదండీ? నాకేం కనిపించట్లేదే."

"అరె, గక్కడ్నే ఉన్నది! జర ఎడమకు తిప్పు."

"పావురాలున్నాయి."

"పావురాలు గాదన్నా! ఇగో, నా దాంట్ల చూడు." విజయేందర్ తన బైనాక్యులర్ మెడలోంచి తీసి ఇచ్చాడు.

అందులో ఇంకా స్పష్టంగా ఉంది. ఒక్కో ఈక లెక్కపెట్టొచ్చు.

"ఊహూఁ," అన్నాడు ఫణీంద్ర.

బైరి ఒళ్ళు విదుల్చుకుని లేచింది. ఎర్రమంజిల్ మేడల మీదుగా ఎగిరిపోయింది.

"పాయె," అన్నాడు విజయేందర్. అతని మొహం వాడిపోయింది. "చూసిన అను అన్నా. ఒక్క మాట. నువ్వంటే చాలు."

"నేను చూడలేదు."

ఏడాదిగా నోట్లో నానుతున్న మాట. బెల్లంముక్కలా కరిగింది.

"ఇంకొంచెంసేపు ఉందాం. మళ్ల వస్తదేమో."

"నాకు క్లాసుందండీ," అని ఫణీంద్ర వెనక్కి తిరిగాడు. మెట్లెక్కుతూ ఈల వేశాడు.

సాయంత్రం అమీర్‌పేటలో కమలకుమారి డాబా మీద, ఊళ్ళో మిగిలినవాళ్ళు ఎదురుగానూ, మిగతావాళ్ళు ఫోన్లలోనూ చేరారు. మిర్చి బజ్జీలు వేడివేడిగా వస్తున్నాయి. ఆవిడ లెక్కలు చదివారు. విజయేందర్ నూట తొంభై తొమ్మిది. ఫణీంద్ర నూట తొంభై ఎనిమిది. ఇత్తడి చిలక మళ్ళీ విజయేందర్ చేతికే వెళ్ళింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఫణీంద్రే.

విజయేందర్ మాత్రం చిలకను బల్ల మీద పెట్టి, పిట్టగోడ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ దిగులు మొహాన్ని దగ్గరగా చూడాలనిపించింది ఫణీంద్రకు. బజ్జీల ప్లేటుతో వెళ్ళాడు.

"రెండు వందలు కొట్టేవారే విజయేందర్‌గారూ. పాపం, బైరి దక్కలేదు."

విజయేందర్ అతని వైపు తిరిగాడు.

"నాకు బైరి ఫిబ్రవరిలనే దొరికింది గదన్నా, పొద్దుగాల నిన్ను పిలిచింది నీకొకటి తక్కువున్నదని."