చిన్నకోడలు చెరిపేసిన రాతలు

"మళ్ళీ రాసి చెరిపేసింది, దొంగమొహంది!"

పెద్దకోడలు ఫోను చేత్తో పట్టుకుని మంచం మీద లేచి కూర్చుంది. పక్కనే పేపరు చదువుతున్న మొగుడు తలెత్తలేదు. ఆర్నెల్లుగా వింటున్న కేకే అది.

ఆ ఫోను ఒకప్పుడు చిన్నకోడలిదే. కొత్తది కొనుక్కుని పాతది తోడికోడలి చేతిలో పెట్టింది. ఇచ్చేముందు ఫోటోలు తుడిచింది, మెసేజీలు తుడిచింది. నారింజ రంగు బొమ్మ ఉన్న ఫీడ్ రీడర్ మాత్రం మిగిలిపోయింది. మనకి కావలసిన వెబ్‌సైట్లు ఒకసారి అందులో పెట్టుకుంటే చాలు, వాటిల్లో కొత్తగా ఏం పడినా వెతక్కుండానే వచ్చి వాలుతుంది; ఒకసారి తెరిచి చదివితే దాని అక్షరాలు వెలిసిపోతాయి. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు అంటారు. వార్తలు, వాతావరణం, కుట్టు డిజైన్లు, వాటి మధ్య చిన్నకోడలి సొంత వెబ్‌సైటు. పేరుకి మొక్కల పెంపకం. లోపలంతా తోడికోడలి మీద విషమే.

కడుపులో మంటంతా అక్కడ కక్కేయడం, ఎవరైనా చూస్తారేమోనని పది నిమిషాల్లో చెరిపేయడం. వెబ్‌సైటులో చెరిపినా, ఫీడులోకి ఒకసారి వచ్చింది వచ్చినట్టే ఉండిపోతుందని ఆ మహాతల్లికి తెలియదని పెద్దకోడలి ధీమా.

"అక్క నవ్వితే తుప్పుపట్టిన గేటు తీసినట్టుంటుంది" అని ఒకరోజు రాసింది. ఆ రోజంతా పెద్దకోడలు పనిగట్టుకుని నవ్వింది.

"పొద్దున్నే వంటింట్లో నేనొక్కదాన్నే ఉండే ఆ కాసేపే నాకు ప్రాణం. ఆవిడ అక్కడికీ తయారైతే నేనేమైపోవాలి?" అని ఇంకోరోజు. మర్నాడు చీకటితోనే లేచి పెద్దకోడలు వంటింట్లో జెండా పాతేసింది. టిఫిన్లు, క్యారియర్లు, అంట్లు, అన్నీ తనే. చిన్నకోడలు ఎండెక్కాక లేచొచ్చి గుమ్మంలో నిలబడింది.

"నన్ను లేపొచ్చుగా అక్కా?"

"ఎందుకులే చెల్లీ, ఇకనుంచి రోజూ ఇంతే. హాయిగా పడుకో."

చిన్నకోడలి మొహం మాడిపోయింది. అది చూసి పెద్దకోడలికి కడుపు నిండింది.

రెండు కొప్పులు ఒకచోట ఇమడవన్న మాట అత్తగారికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. మొన్న ఇద్దర్నీ కూర్చోబెట్టి తేల్చేసింది.

"మీ పోట్లాటలతో నా చెవులు చిల్లులు పడుతున్నాయి. వేరు పొయ్యిలు పెట్టుకోండి. ఒకరు కింద, ఒకరు మేడ మీద. పెద్దదానివి కాబట్టి ముందు నువ్వు కోరుకో. ఆదివారం చెప్పు. చెప్పాక మాట మార్చడాల్లేవు."

పెద్దకోడలికి కావలసింది కింది వాటా. దానికి రోడ్డు వైపు గది ఉంది. అందులో టైలరింగ్ షాపు పెట్టాలని పెళ్ళైన కొత్తలోనే అనుకుంది. మిషను ఏ మూల, అద్దం ఏ గోడకి, షట్టరుకి ఏ రంగు, అన్నీ మనసులో ఎప్పుడో కుట్టి పెట్టుకుంది. పైగా మోకాళ్ళ నొప్పులు.

ఇప్పుడు, శనివారం సాయంత్రం, ఫీడులో ఇది వచ్చి పడింది:

"రేపు అక్క మేడ అడుగుతుందేమోనని నా గుండె పీచుపీచుమంటోంది. నా మొక్కలన్నీ పైనే ఉన్నాయి. ఆ ఎండా, ఆ గాలీ లేకపోతే నేను చచ్చిపోతాను. దేవుడా, ఆవిడ కింది వాటాయే కోరుకునేలా చూడు."

"నేను మేడే అడుగుతా" అంది పెద్దకోడలు.

మొగుడు పేపరు దించాడు. "మతి పోయిందా? ఆ మెట్లెక్కగలవా నువ్వు? మరి షాపో?"

"షాపు లేకపోతే లేకపోయింది. రేపు దాని ఏడుపు కళ్ళారా చూడాలి నేను."

"ఎదుటివాళ్ళకి అపశకునం కావాలని తన ముక్కు కోసుకుందట వెనకటికొకత్తె."

"నా ముక్కు, నా ఇష్టం."

ఆదివారం అత్తగారు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ మేడే అంది పెద్దకోడలు. చిన్నకోడలి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అక్కా, నా మొక్కలు..."

"కుండీలేగా, దింపుకో."

దింపుకుంది. వారం తిరక్కుండా వాటిని వీధిలో వాళ్ళకి పంచిపెట్టేసింది కూడా. రోడ్డు వైపు గదికి షట్టరు పెట్టించింది. ఇద్దరు టైలర్లని జీతానికి కుదుర్చుకుంది. కత్తెర బొమ్మతో బోర్డు లేచింది.

"రిబ్బను నువ్వే కత్తిరించాలక్కా" అని మెట్ల కింద నుంచి కేకేసింది.

పెద్దకోడలు దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కాలి.

మేడ మీద నీళ్ళు మధ్యాహ్నానికి గానీ ఎక్కవు. డాబా పొయ్యి మీది పెనంలా కాలుతోంది. కింద నుంచి మిషన్ల చప్పుడు సాయంత్రం దాకా ఆగదు. వింటుంటే ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. దాని బతుకులో ఏదో ఒక ఏడుపు ఉండే ఉంటుందని ఫోను తీసింది.

వార్తలొచ్చాయి. ఎండలు ఇంకా ముదురుతాయని వాతావరణం వచ్చింది. చిన్నకోడలి నుంచి మాత్రం ఒక్క ముక్క లేదు. వాటాలు తేలిన రోజు నుంచీ ఇదే వరస.

"రాసి చావవేమే!" అని పళ్ళు నూరుతూ పాతవాటిల్లోకి వెళ్ళింది. గేటు నవ్వు, వంటిల్లు, ఇంకా కిందకి, ఎప్పుడూ వెళ్ళనంత కిందకి. అక్కడ, ఫోను తన చేతికి రాకముందే ఎవరో తెరిచి చదివేసినట్టు అక్షరాలు వెలిసిపోయి, ఆ వెబ్‌సైటు నుంచి వచ్చిన మొట్టమొదటి రాత కనిపించింది:

"రేపు ఈ ఫోను అక్కకి ఇచ్చేస్తున్నాను, నేను రాసి చెరిపేసింది ఇందులో ఉండిపోతోందో లేదో ఒకసారి చూసుకోవాలి."